కోడ్ రాని వాళ్లకూ ఇందులో పని ఉంది: విశాఖ ఓపెన్ సోర్స్ బృందాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని ఓపెన్ సోర్స్ బృందాల నిర్వాహకులకు, ఇంజినీరింగ్ కాలేజీల కోడింగ్ క్లబ్బుల విద్యార్థులకు, వాళ్లను నడిపిస్తున్న అధ్యాపకులకు, ఈ సాఫ్ట్‌వేర్లను వాడకంలోకి తెస్తున్న ఆఫీసుల అధికారులకు,

నమస్కారం.

నేను డాబాగార్డెన్స్‌లో ఇరవై ఆరేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, యూనియన్ల పోస్టర్లు నా చేతి మీదుగా వెళ్తాయి. తెలుగు కంపోజ్ చేయడం, ప్రూఫులు దిద్దడం నా బతుకుదెరువు. ప్రోగ్రామ్ ఒక్క లైను కూడా రాయడం నాకు రాదు. అయినా ఆరేళ్లుగా షాపులో పని లేని వేళల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల (కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఇచ్చేవాటి) తెలుగు అనువాదాలు చూస్తూ, తప్పులు దిద్దుతూ వస్తున్నాను. మీలాంటి వాళ్లు రాసి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ మీదే నా షాపు నడుస్తోంది. అందుకు మీకు రుణపడి ఉన్నాను. ఇక విషయానికి వస్తాను.

కిందటి ఆగస్టులో ఋషికొండ వైపు ఒక కాలేజీలో ఓపెన్ సోర్స్ సమావేశం పెట్టారు. పేరు నమోదు చేసుకునే ఫారంలో 'మీకు వచ్చిన ప్రోగ్రామింగ్ భాష' అని ఒక గడి ఉంది. అక్కడ ఏదో ఒకటి ఎంచుకోకపోతే ఫారం ముందుకు కదలదు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఫోన్ చేసి అడిగి వెళ్లాను. ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెలుగు తెరల్లో నేను పట్టుకున్న 31 తప్పులను, ఏ తెర మీద ఏ మాట తప్పో, ఏం ఉండాలో నాలుగు కాగితాల మీద వరుసగా రాసి తీసుకెళ్లాను. తలుపు దగ్గర ఉన్న అబ్బాయి నవ్వుతూనే చెప్పాడు: "ఆంటీ, ఇది డెవలపర్స్‌కండీ. మీరు కూర్చోండి, లంచ్ ఉంది." కాగితాలు నిర్వాహకుల్లో ఒకరి చేతికి ఇచ్చి వచ్చాను. సెప్టెంబరులో, నవంబరులో, జనవరిలో మూడు సార్లు మెయిల్ పెట్టాను. దేనికీ జవాబు లేదు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. మర్యాదగానే మాట్లాడాడు. నా బాధ ఆ మాట వెనక ఉన్న నమ్మకం గురించి: రాసేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు, వాడేవాళ్లకు ఇందులో పని లేదు అన్న నమ్మకం. అది ఓపెన్ సోర్స్ చరిత్రకే విరుద్ధం.

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1999లో న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు వాడుతున్న సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయని పరిస్థితి వచ్చింది. వాళ్లు ఒక చిన్న కంపెనీ చేత కొత్తది రాయించుకున్నారు, రాయించుకున్నదాన్ని అందరికీ ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. 2000 జనవరిలో అది వాడకంలోకి వచ్చింది. ఇవాళ మన దేశంలో ఎన్నో కాలేజీ లైబ్రరీలు దానితో నడుస్తున్నాయి. అక్కడి పద్ధతి చూడండి. ప్రోగ్రామర్ ఒక మార్పు రాస్తే అది నేరుగా లోపలికి వెళ్లదు. వేరొకరు దాన్ని నడిపి చూసి, సరిగా ఉందని సంతకం పెట్టాలి. ఆ సంతకం కోడ్ రాని లైబ్రేరియన్ కూడా పెట్టవచ్చు. అందుకోసమే బ్రౌజర్‌లో తెరుచుకునే శాండ్‌బాక్స్‌లు, అంటే ఏం నొక్కినా నష్టం లేని ప్రయోగ కాపీలు, పెట్టారు. పుస్తకం ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో తెలిసినవాళ్ల మాటకు అక్కడ అంత విలువ ఉంది.

మన ఊళ్లో ఆ విలువ లేకపోతే నష్టం ఎవరికో, నేను చూసినంతలో వరుసగా చెబుతాను.

1. నా 31 తప్పుల్లో మొదటిది పేజీ నంబరు. పూర్ణా మార్కెట్‌లో మా బంధువు ఒకాయనకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. నా మాట మీద ఒక ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. గుమాస్తాకు ఇంగ్లీషు అంతగా రాదని తెలుగులో పెట్టించాం. మొదటి పెద్ద బిల్లు మూడు పేజీలు వచ్చింది. మొదటి పేజీ అడుగున '1లో 3వ పేజీ' అని ఉంది. రెండో పేజీ అడుగున '2లో 3వ పేజీ' అని. సరుకు తీసుకున్న అనకాపల్లి షాపాయన బిల్లు అటూ ఇటూ తిప్పి, "ఏటండీ ఇది, రెండింట్లో మూడోదేటి? పేజీలేమన్నా దాచేసినారేటి?" అన్నారు. చేత్తో మళ్లీ బిల్లు రాసిచ్చేదాకా డబ్బు ఇవ్వలేదు. గుమాస్తా సాయంత్రం దాకా అదే టెన్షన్‌లో ఉన్నాడు, తప్పు తనదేమోనని.

తప్పు అతనిది కాదు, అనువాదం చేసినవాళ్లదీ కాదు. ఇంగ్లీషులో ముందు ఎన్నో పేజీ అన్నది చెప్పి, తర్వాత మొత్తం ఎన్ని అన్నది చెబుతారు. తెలుగులో మొత్తం ముందు వస్తుంది: '3లో 1వ పేజీ'. ప్రోగ్రామర్ ఆ వాక్యంలో అంకెల కోసం రెండు ఖాళీలు వదిలారు. ఆ ఖాళీలు వచ్చిన వరుసలోనే నిండుతాయి. అనువాదకులు తెలుగు వాక్యం సరిగ్గానే రాశారు, కానీ అంకెలు ఇంగ్లీషు వరుసలో వచ్చి కూర్చున్నాయి. ఇది ఒకటో ఖాళీ, ఇది రెండో ఖాళీ అని గుర్తు పెడితే సరిపోతుంది. ఆ సదుపాయం అనువాద పరికరాల్లో ఎప్పటి నుంచో ఉంది. మీకు అది రెండు నిమిషాల పని. కానీ మీ పరీక్షలన్నింటిలోనూ ఈ ప్రోగ్రామ్ పాస్ అయిపోతుంది, ఎందుకంటే యంత్రానికి అందులో తప్పేమీ కనపడదు. తెలుగు బిల్లు చేతిలో పట్టుకుని చదివినవాళ్లకే కనపడుతుంది.

ఇలాంటిదే విభక్తి తప్పు. ఊరి పేరు రావాల్సిన ఖాళీ పక్కన 'కు' అంటించేస్తారు. తెర మీద 'విశాఖపట్నంకు పంపబడింది' అని పడుతుంది. 'విశాఖపట్నానికి' అనాలని చిన్న పిల్లలకు కూడా తెలుసు, కానీ ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది? వాక్యాన్నే మార్చి 'చేరవలసిన ఊరు: విశాఖపట్నం' అని రాస్తే ఏ పేరు వచ్చినా ఇబ్బంది ఉండదు. ప్రూఫులు దిద్దేవాళ్లకు ఇలాంటి ఉపాయాలు వంద తెలుసు. అడిగినవాళ్లు లేరు.

2. రెండోది మాటల ఎంపిక. డిస్కులో ఇంకా జాగా ఎంత మిగిలిందో చూపించే చోట 'ఉచిత స్థలం' అని ఉంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒకే మాట ఖాళీకీ, ఊరికే ఇవ్వడానికీ, స్వేచ్ఛకూ పనికొస్తుంది. తెలుగులో మూడూ మూడు వేరే మాటలు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే డబ్బు అక్కర్లేనిది అని కాదు, స్వేచ్ఛ ఉన్నది అని ఆ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ దశాబ్దాలుగా ఇంగ్లీషు వాళ్లకు వివరిస్తూనే ఉన్నారు. మనకు ఆ ఇబ్బంది లేదు, 'స్వేచ్ఛ' అనగానే అర్థమైపోతుంది. అంత చక్కటి సౌకర్యం ఉన్న భాషలో 'ఖాళీ' అనాల్సిన చోట 'ఉచితం' అని చదువుకోవాల్సి వస్తోంది.

మరో వైపు, నిఘంటువు దగ్గర పెట్టుకుని ఎవరూ పలకని మాటలు రాస్తున్నారు. 'ఫైల్' అని రాస్తే ఎవరికైనా తెలుస్తుంది. 'దస్త్రము' అని రాస్తే మా షాపుకు వచ్చే డిగ్రీ పిల్లలు కూడా ఆగి ఆలోచిస్తున్నారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఉత్తరాంధ్ర నేల మీద నుంచే. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కంప్యూటర్ తెర మీద మాత్రం గ్రాంథికం మళ్లీ వచ్చి కూర్చుంది. దాని ఫలితం, వాడేవాళ్లు రెండు రోజులు చూసి "ఇంగ్లీషే నయం, మార్చేయండి" అంటారు. తెలుగు పెట్టుకున్నవాళ్లు కూడా తీసేస్తే, తెలుగు ఎవరూ వాడడం లేదని మీరు అంటారు. ఈ మాటలు ఎంచడానికి కిరాణా గుమాస్తా, అంగన్‌వాడీ టీచరు, బ్యాంకు క్లర్కు కూర్చోవాలి. వాళ్లలో ఎవరికీ కోడ్ రానక్కర్లేదు.

3. కనిపించని అక్షరం వల్ల మనుషుల పేర్లు దొరకకుండా పోవడం. 'రాజ్‌కుమార్' అని విడిగా రాయాలంటే జకు పొల్లు పెట్టి, తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు వేయాలి. అది వేయకపోతే 'రాజ్కుమార్' అని క వొత్తు కిందికి దిగిపోతుంది. మనకు రెండూ ఒకే మనిషి. కంప్యూటర్‌కు మాత్రం, ప్రత్యేకంగా చెబితే తప్ప, ఇద్దరు వేరు వేరు మనుషులు. ఒక జాబితాలో ఒకలా, దరఖాస్తులో ఇంకోలా ఎక్కితే వెతికినప్పుడు పేరు రాదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు "మీ పేరు లేదు" అంటారు. ఆ మాట విని వెనక్కి వెళ్లే పెద్దాయనకు అక్కడేం జరిగిందో ఎప్పటికీ తెలియదు. నేను రోజుకు పది సార్లు ఈ గుర్తు వేస్తాను, తీస్తాను. ఏ పేర్లలో ఇది వస్తుందో డీటీపీ పనివాళ్లను అడిగితే కాగితం నిండా రాసిస్తారు.

తెలుగు అక్షరాలు ఎంత జాగ్రత్తగా చూడాలో ప్రపంచానికి 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా' అక్షరం ఇదే కనిపించని గుర్తుతో కలిసి వచ్చినప్పుడు ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ వెంటనే కొత్త వెర్షన్ ఇచ్చి సరిచేసుకుంది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోనే దొరకనిది, నలుగురు కుర్రాళ్లు సెలవు రోజుల్లో రాసే సాఫ్ట్‌వేర్‌లో దానంతట అది దొరుకుతుందా?

4. వాడే విధానం రాసి ఉండకపోవడం. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ వాళ్లు 2017లో ఓపెన్ సోర్స్ సర్వే చేశారు. జవాబిచ్చినవాళ్లలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ (వాడే విధానం రాసిన పాఠం) అరకొరగానో పాతబడో ఉండడం తాము ఎదుర్కొన్న సమస్య అన్నారు. దానిలో చెయ్యి వేసేది అరుదు, లేదా అసలు వేయం అన్నవాళ్లు 60 శాతం. అందరికీ కావాలి, ఎవరూ రాయరు. ఈ పని బాగా చేయగలిగింది కొత్తగా నేర్చుకున్నవాళ్లు. ఎక్కడ తడబడ్డారో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. ట్యూషన్ చెప్పే టీచరుకు ఒక సాయంత్రం ఇచ్చి చూడండి, ఏ పేజీ ముందు రావాలో ఆవిడే చెబుతారు. గూగుల్ 2019లో సీజన్ ఆఫ్ డాక్స్ అని మొదలుపెట్టి ఈ రాత పనికి డబ్బు కూడా ఇచ్చింది. అంటే ఇది విలువైన పని అని పెద్దవాళ్లు ఒప్పుకున్నట్టే.

ఆ గిట్‌హబ్ సర్వేలోనే పాల్గొన్నవాళ్లలో ఆడవాళ్లు 3 శాతం. సాయంత్రం ఆరింటికి ఋషికొండ కొండ మీద మీటింగు పెట్టి, రాత్రి తొమ్మిదింటికి వదిలితే ఆ అంకె పెరగదు. గాజువాక నుంచి వచ్చిన అమ్మాయి తిరిగి ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో ఒక్కసారి లెక్క వేయండి.

5. పటంలో ఊరు తప్పుగా ఉండడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటం 2004 నుంచి ఉంది, ఎవరైనా దిద్దవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగ్ నుంచి యంత్రం చేత తెలుగు పేర్లు రాయిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. మద్దిలపాలెం కాస్తా మడ్డిలపాలెం అవుతుంది. వాల్తేరు వాల్టైర్ అవుతుంది. గురుద్వారా, సత్యం జంక్షన్, మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, ఎండాడ, కార్‌షెడ్: ఈ పేర్లు వరుసగా, తప్పు లేకుండా చెప్పగలిగినవాళ్లు సిటీ బస్సు కండక్టర్లు. ఏ సందులోకి అంబులెన్స్ పోదో ఆటో వాళ్లకు తెలుసు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని వీధులు గీశారు. సహాయక బృందాలు ఆ పటాలే పట్టుకుని తిరిగాయి. మనకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. చెట్లు విరిగి రోడ్డుకు అడ్డం పడి, కరెంటు లేక, ఫోన్లు పలకక మనం పడిన అవస్థ ఈ ఊళ్లో ఉన్న ఎవరూ మరిచిపోలేదు. నెట్ లేకపోయినా ఫోన్‌లో తెరుచుకునే పటం అలాంటి రోజున ప్రాణం నిలబెడుతుంది. అది తుఫాను వచ్చాక గీసేది కాదు.

6. చూపు లేనివాళ్లు, చదువు రానివాళ్లు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌ను 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్. ఆయనకూ, ఆయనతో కలిసిన జేమ్స్ టేకూ చూపు లేదు. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మన పిల్లలు కూడా దాన్ని వాడగలుగుతున్నారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఏ మాట సరిగా పలికింది, ఏది తప్పు పలికింది అన్నది వినే చెవి ఉన్నవాళ్లు చెప్పాలి. రోజంతా ఆ గొంతు వింటూ చదువుకునే విద్యార్థి కంటే దానికి అర్హులు ఎవరు?

గొంతు మాటకు వస్తే ఇంకొకటి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, మనుషుల మాట యంత్రాలకు నేర్పడానికి 2017లో కామన్ వాయిస్ మొదలుపెట్టింది. మనం వాక్యాలు చదివి గొంతు దానం చేయవచ్చు, ఇతరులు చదివినవి విని సరిగా ఉన్నాయో లేదో చెప్పవచ్చు. చదువుకున్న కుర్రాళ్ల గొంతులే అందులో చేరితే, రేపు వాటితో నేర్చుకున్న యంత్రానికి ఫిషింగ్ హార్బర్‌లో "ఏటి సేత్తన్నావు" అని అడిగే అమ్మ మాట తెలియదు. ఆవిడ మాట్లాడేది తప్పు తెలుగు అన్నట్టు యంత్రం ప్రవర్తిస్తుంది. పలక మీద అక్షరం దిద్దకపోయినా, విని మళ్లీ పలకడం ఆవిడకు వచ్చు. పక్కన ఒకరు కూర్చుని చదివి వినిపిస్తే చాలు.

7. చివరిది మీ గురించే. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ అలిసిపోయారు. సాయం చేస్తానంటూ దగ్గరైన ఒక వ్యక్తి అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆరా తీసి పట్టుకున్నారు. లేకపోతే ప్రపంచంలో ఎన్నో సర్వర్లు ప్రమాదంలో పడేవి. వచ్చిన ఫిర్యాదులు వేరు చేయడం, ఒకే ఫిర్యాదు రెండు సార్లు వస్తే కలపడం, కొత్తవాళ్ల ప్రశ్నలకు జవాబివ్వడం, లెక్కలు రాయడం, మీటింగు ఏర్పాట్లు చూడడం: ఈ పనులన్నీ కోడ్ రాసేవాళ్ల నెత్తినే ఉంటే వాళ్లు అలిసిపోరా? వీటిని పంచుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

విద్యార్థులకు ఒక మాట. అక్టోబరు రాగానే హాక్టోబర్‌ఫెస్ట్ హడావుడి చూస్తున్నాను, అంటే ఆ నెలంతా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపే పండుగ. 2020లో బహుమతిగా ఇచ్చే టీషర్టు కోసం ఎవరి ప్రాజెక్టులోనో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపిన పనికిరాని మార్పులు వెల్లువలా వచ్చి, ఆ ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు విసిగిపోయారు. చివరకు ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. 2022లో నిర్వాహకులే కోడ్ లేని పనిని కూడా ప్రోత్సహిస్తామని ప్రకటించారు. మీ అమ్మగారి పక్కన కూర్చుని ఒక యాప్‌లోని తెలుగు తెరలన్నీ చదివించి, ఆవిడకు అర్థం కానివి రాసి పంపితే, అలాంటి వంద మార్పుల కంటే అదే ఎక్కువ.

అందుకని మేము కోరేవి ఇవి. మేము అంటే నేను ఒక్కదాన్నే కాదు. ఈ లేఖ రాసే ముందు చదివి సరేనన్న ఇద్దరు ప్రూఫ్ రీడర్లు, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఒక లైబ్రేరియన్ నాతో ఉన్నారు.

1. నమోదు ఫారంలో ప్రోగ్రామింగ్ భాష, గిట్‌హబ్ ఖాతా తప్పనిసరి అన్న షరతు తీసేయండి. దాని బదులు 'మీరు ఏ పనిలో సాయం చేయగలరు' అని అడగండి. అనువాదం, ప్రూఫు, పరీక్షించడం, బోధన, బొమ్మలు, పటం, లెక్కలు అని పక్కన రాసి పెట్టండి.

2. నెలకు ఒక్క సమావేశమైనా ఆదివారం పగటి పూట, బస్సు దిగి నడిచి వెళ్లగలిగిన చోట, తెలుగులో జరపండి. ద్వారకా బస్ స్టేషన్ చుట్టుపక్కల అయితే భీమిలి నుంచి వచ్చేవాళ్లకూ, గాజువాక నుంచి వచ్చేవాళ్లకూ వీలవుతుంది.

3. తెలుగులో వచ్చిన ఫిర్యాదు తెలుగులోనే తీసుకోండి. ప్రతి క్లబ్బులో ఇద్దరు విద్యార్థులకు ఆ బాధ్యత ఇవ్వండి. వాళ్లు దాన్ని ఇంగ్లీషులో రాసి సంబంధిత ప్రాజెక్టుకు పంపాలి, పదిహేను రోజుల్లో ఫిర్యాదు చేసినవాళ్లకు ఏమైందో చెప్పాలి. 'కుదరదు' అన్నా ఫరవాలేదు. జవాబే లేకపోవడం మనుషుల్ని దూరం చేస్తుంది.

4. పని చేసినవాళ్ల పేరు రాయండి. కోడ్ రాసినవాళ్ల పక్కనే అనువాదం, పరీక్ష, బోధన చేసినవాళ్ల పేర్లు కూడా పెట్టే పద్ధతి 'ఆల్ కంట్రిబ్యూటర్స్' పేరుతో ఇప్పటికే చాలా ప్రాజెక్టుల్లో ఉంది. మీరు కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

5. మన ఊరి నుంచి తయారయ్యే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఖాళీలకు వరుస సంఖ్య ఇవ్వడం, పేర్ల వెతుకులాటలో కనిపించని గుర్తును లెక్కలోకి తీసుకోకపోవడం నియమంగా పెట్టుకోండి.

6. అధికారులకు: ప్రభుత్వ ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. సంతోషం. అయితే ఏ సాఫ్ట్‌వేర్ అయినా కౌంటర్‌లోకి వచ్చే ముందు ఆ కౌంటర్‌లో కూర్చునే ఐదుగురికి ఒక పూట పని నుంచి విడుదల ఇచ్చి, తెలుగు తెరలన్నీ చదివించండి. వాళ్లు చెప్పినవి దిద్దాకే జనం ముందు పెట్టండి.

7. తెలుగు శాఖల అధ్యాపకులకు: మీ విద్యార్థుల చేత, పాత పుస్తకాలను అందరూ చదివేలా ఎక్కించే తెలుగు వికీసోర్స్‌లో కొన్ని పేజీలు దిద్దించి, దానికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వండి. స్కాన్ నుంచి యంత్రం చదివిన పాఠంలో 'మ'ను 'వు' అని, 'ధ'ను 'థ' అని చదివిన చోట్లు బోలెడు. ఒకరు దిద్దిన పేజీని ఇంకొకరు సరిచూడాలన్నది అక్కడి నియమం. మా ప్రెస్సుల్లో ఫస్ట్ ప్రూఫ్, సెకండ్ ప్రూఫ్ లాంటిదే.

ఇది చదువుతున్న మామూలు మనుషులకు కూడా చెబుతున్నాను. మీరు ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ మాటలు పాంటూన్‌లో, లిబ్రెఆఫీస్ మాటలు వెబ్‌లేట్‌లో, వికీపీడియా తెరల మాటలు ట్రాన్స్‌లేట్‌వికీలో తెలుగు చేయవచ్చు; ఇవి మూడూ అనువాదం కోసం ఉన్న వెబ్‌సైట్లు. ఒక ఈమెయిల్, కొంచెం ఓపిక ఉంటే చాలు. రోజుకు ఐదు వాక్యాలు చేసినా చేసినట్టే. మొదట్లో నాకు భయం వేసింది, ఏదైనా నొక్కితే పాడైపోతుందేమోనని. ఏదీ పాడవదు. కొత్తవాళ్లు రాసింది సాధారణంగా సూచనగానే నిలుస్తుంది, తెలిసినవాళ్లు చూసి ఒప్పుకున్నాకే లోపలికి వెళ్తుంది.

నిర్వాహకులకు మళ్లీ. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి, ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి ఒంటి గంట వరకు నా షాపులో రెండు కంప్యూటర్లు ఈ పని కోసం ఖాళీగా ఉంచుతాను. మాస్టారు వస్తానన్నారు, ప్రూఫ్ రీడర్లు వస్తారు. 31 తప్పుల కాగితాల రెండో కాపీ నా టేబుల్ మీదే ఉంది. మీలో కోడ్ వచ్చిన ఒక్కరు వచ్చి పక్కన కూర్చుంటే, ఆ పేజీ నంబరు తప్పు మొదటి ఆదివారమే దిద్దుకోవచ్చు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
డాబాగార్డెన్స్, విశాఖపట్నం